వీక్షకుని చిట్టా: కాపీరైటు వ్యాజ్యములలో గోప్యతాహక్కు చరిత్ర

సినిమాహాలునకు పోయిన ప్రేక్షకుడు టిక్కెట్టు కొని లోనికి పోవును. ఆ టిక్కెట్టుపై సంఖ్య యుండును గాని ఆతని పేరుండదు. ఆట ముగిసిన పిమ్మట హాలు యజమాని ఆనాడు అమ్ముడుపోయిన టిక్కెట్ల లెక్క వ్రాసి పంపిణీదారునకు చూపును. ఆ లెక్కను బట్టియే ఎవరి వాటా ఎంతయో తేలును. ఏ వరుసలో ఎవరు కూర్చుండిరి, వారే యూరివారు, నిన్న ఏ చిత్రమును చూచిరి, ఎన్ని గంటలకు ఇల్లు చేరిరి అను ప్రశ్నలు ఆ లెక్కకు అక్కఱలేదు. చిత్రనిర్మాతకు రావలసిన సొమ్మును, ప్రేక్షకుడు గుంపులో ఒకడుగా మఱుగుపడియుండు స్వేచ్ఛయు ఒకదానికొకటి అడ్డు రాకుండ చిరకాలము సాగినవి.

ఇంటర్నెట్టులో వీడియోలు చూచు పద్ధతి వచ్చినప్పటినుండి ఈ పొందిక చెడినది. ఇచ్చట చూచుట యన్నను, చూచినట్లు వ్రాయబడుట యన్నను ఒక్కటియే. ఏ ఖాతానుండి, ఏ కనెక్షనుద్వారా, ఏ దినమున, ఏ నిమిషమున, ఏ వీడియో చూడబడెనో సంస్థవారి యంత్రములు తమంతతామే చిట్టా వ్రాసికొనును. ఆ చిట్టా వీక్షకునకు కనబడకపోవచ్చును. ఒకప్పుడు కనబడినను అది ఎవరి చేతికి పోవునో ఆతనికి తెలియదు. కాపీరైటు గలవాడు తన సొత్తు అపహరింపబడెనని న్యాయస్థానమున కెక్కినపుడు, ఆ చిట్టాను తన కిప్పింపుమని కోరవచ్చునా? కోరినచో న్యాయస్థానము ఈయవచ్చునా? ఈ ప్రశ్న మొదటిసారిగా పెద్దయెత్తున తలయెత్తిన వ్యాజ్యము అమెరికాలో న్యూయార్కు నగరమున నడచినది. దాని కథను, దానికి ముందువెనుకల నున్న చరిత్రను, తుదకు మన దేశపు న్యాయవ్యవస్థలో తెలుగువారితో ముడిపడియున్న కొన్ని తీర్పులను ఈ వ్యాసమున వివరింప నెంచితిని.

వ్యాజ్యమునకు పూర్వరంగము

1998 అక్టోబరులో అమెరికా ప్రభుత్వము డిజిటలు యుగమునకు తగినట్లు కాపీరైటు చట్టమును సవరించెను. ఇతరులు ఎక్కించిన వస్తువులను తమ యంత్రములలో నిలువచేయు సంస్థలకు ఆ చట్టము ఒక రక్షణ కల్పించినది. ఫలానా వస్తువు నాదియని హక్కుదారు ఫిర్యాదు పంపిన వెంటనే దానిని తొలగించినచో, ఎక్కించినవాని తప్పునకు సంస్థ నష్టపరిహార మీయనక్కఱలేదు. అయితే తప్పు జరుగుచున్నదని ముందే ఎఱిగియు ఊరకున్న సంస్థకు ఈ రక్షణ దొరకదు. తరువాతి వివాదమంతయు ఈ 'ఎఱుక' యను మాటచుట్టును తిరిగినది.

యూట్యూబు 2005లో పుట్టినది. ఎవరైనను తమ వీడియోను ఎక్కించవచ్చును, ఎవరైనను చూడవచ్చును అను సదుపాయమువలన అది త్వరలోనే లోకమంతట వ్యాపించెను. 2006 అక్టోబరులో గూగులు సంస్థ దానిని 165 కోట్ల డాలర్ల విలువగల వాటాల నిచ్చి కొనుటకు ఒప్పుకొనెను. అప్పటికే అందు జనులు స్వయముగా తీసిన వీడియోలతోపాటు టెలివిజను కార్యక్రమములు, సినిమా ముక్కలు విరివిగా చేరియుండెను. ఎం.టి.వి., కామెడీ సెంట్రల్, నికెలోడియన్ వంటి చానళ్ళకును, పారమౌంటు చిత్రసంస్థకును అధిపతియైన వయాకామ్ సంస్థ 2007 మార్చి 13వ తేదీన న్యూయార్కులోని ఫెడరలు జిల్లా న్యాయస్థానమున దావా వేసెను. తమకు చెందిన 1,50,000కు పైగా వీడియోలు అనుమతి లేకుండ అందు చేరినవనియు, అవి 150 కోట్ల సార్లు చూడబడినవనియు ఆరోపించి, 100 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారము కోరెను.

ఇట వాది ధనవంతుడు, ప్రతివాది అంతకంటె ధనవంతుడు. ఇద్దఱికిని పేరుపొందిన న్యాయవాదులు కలరు. కాని ఈ వ్యాజ్యమున మూడవవాడొకడు కలడు. వాడు దావాలో కక్షి కాడు, సమను అందుకొనలేదు, న్యాయస్థానపు మెట్లెక్కలేదు. వాడే వీక్షకుడు.

2008 జూలై ఉత్తరువు

అమెరికా పద్ధతి ననుసరించి, విచారణకు ముందు ఒక కక్షి ఎదుటి కక్షివద్ద నున్న పత్రములను, లెక్కలను రాబట్టుకొనవచ్చును. ఆ ఘట్టమున వయాకామ్ పెక్కు వస్తువులను కోరెను. అందు ముఖ్యమైనవి మూడు: గూగులు, యూట్యూబు సంస్థల అన్వేషణ విధానమునకు మూలమైన ప్రోగ్రాము వ్రాత, వ్యక్తులు తమవారికి మాత్రమే కనబడునట్లు దాచుకొన్న వీడియోలు, వీక్షణల చిట్టా. వీనిపై న్యాయమూర్తి లూయీ స్టాంటన్ గారు 2008 జూలై మొదట ఉత్తరు విచ్చిరి.

ప్రోగ్రాము వ్రాతను ఈయనక్కఱలేదనిరి. అది సంస్థకు అమూల్యమైన వ్యాపార రహస్యము. దాచుకొన్న వీడియోలలోని విషయమును ఈయరాదనిరి. ఎలక్ట్రానిక్ సందేశముల గోప్యతను కాపాడు చట్టము అడ్డు వచ్చినది. చిట్టాను మాత్రము ఈయవలసినదే యనిరి. ఆ చిట్టాలో ప్రతి వీక్షణకును చూచినవాని ఖాతాపేరు, చూడనారంభించిన సమయము, ఐ.పి. చిరునామా, వీడియో గుర్తుసంఖ్య కలవు. ఐ.పి. చిరునామా యనగా ఇంటర్నెట్టునకు తగిలించిన యంత్రమునకు లేక ఇంటి కనెక్షనునకు కేటాయింపబడు సంఖ్య. చిట్టా మొత్తము 12 టెరాబైట్లు. అంత పెద్దదానిని ఇచ్చుట భారమని ప్రతివాది మొఱపెట్టుకొనగా, దుకాణమున దొరకు కొన్ని హార్డుడిస్కులలో అది ఇముడునని న్యాయమూర్తి సమాధానము చెప్పిరి. కోట్లకొలది జనుల చూపులకు సంబంధించిన లెక్క ఒక చేతిసంచిలో పట్టునంతటిదే యైనది.

వాది ఈ చిట్టాను కోరిన కారణము గమనింపదగినది. అనుమతిలేని వీడియోలు ఎక్కువగా చూడబడుచున్నవా, లేక జనులు స్వయముగా తీసిన వీడియోలా అని తూచి, యూట్యూబు యెదుగుదలకు దొంగసొత్తే ఆధారమని చూపుట వారి యుద్దేశము. ఇది న్యాయమైన ప్రశ్నయే. కాని ఈ ప్రశ్నకు జవాబు అంకెలలో నున్నది, పేర్లలో లేదు.

వీక్షకుల గోప్యతకు భంగము కలుగునని గూగులు పక్షమువారు వాదించిరి. ఆ భయము ఊహామాత్రమని న్యాయమూర్తి త్రోసిపుచ్చిరి. ఇతర సమాచారము తోడుకానిచో ఐ.పి. చిరునామావలన మనిషిని గుర్తింపలేమని గూగులు సంస్థవారే అంతకుముందు బహిరంగముగా వ్రాసియుండిరి. జనుల వివరములను దాచిపెట్టుకొనుటను సమర్థించుకొనుటకు వారు చెప్పిన ఆ మాటయే ఇప్పుడు వాటిని ఎదుటివాని కిచ్చుటకు సాధనమైనది.

ఆ మాట ఎంత బలహీనమో రెండేండ్ల క్రిందటనే తేలియుండెను. 2006 ఆగష్టులో అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ పరిశోధకుల యుపయోగార్థమని చెప్పి, సుమారు 6,50,000 మంది ఖాతాదారులు వెదకిన మాటల పట్టికను బయట పెట్టెను. పేర్లు తీసివేసి సంఖ్యలు మాత్రమే యుంచిరి. అయినను కొలది దినములలోనే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక సంఖ్య వెనుకనున్న వృద్ధురాలిని ఆమె వెదకిన మాటలనుబట్టియే కనుగొని, ఆమె యింటికి పోయిరి. మనిషి వెదకిన మాటలును, చూచిన దృశ్యములును వరుసగా పేర్చినచో పేరు లేకున్నను మనిషి దొరకును.

క్యాసెట్ల కాలపు చట్టము

వీక్షకుని రహస్యమును కాపాడవలెనను తలంపు అమెరికాకు క్రొత్తది కాదు. 1987లో రాబర్టు బోర్క్ అను న్యాయమూర్తిని ఆ దేశపు సుప్రీము కోర్టునకు అధ్యక్షుడు ప్రతిపాదించెను. సెనేటులో ఆయన నియామకమునుగూర్చి తీవ్రచర్చ జరుగుచుండగా, వాషింగ్టను నగరపు వారపత్రిక యొకటి ఆయన కుటుంబము అద్దెకు తెచ్చుకొన్న 146 వీడియో క్యాసెట్ల జాబితాను సంపాదించి ప్రకటించెను. అందు తలదించుకొనవలసిన దేమియు లేకుండెను. అయినను అన్ని పక్షముల సభ్యులును ఉలికిపడిరి. నేడు బోర్కునకు జరిగినది రేపు తమకును జరుగవచ్చును. రాజ్యాంగమున సాధారణ గోప్యతాహక్కు లేదని వాదించినవారిలో బోర్క్ ఒకరగుట ఈ కథలోని విచిత్రము. ఆయన నియామకము సాగలేదు గాని, ఆయన జాబితా కారణముగా 1988లో వీడియో గోప్యతా పరిరక్షణ చట్టము వచ్చినది.

ఆ చట్టములోని ఒక నిబంధన మనకు ముఖ్యము. సివిలు వ్యాజ్యమున క్యాసెట్లు అద్దెకు తెచ్చుకొన్నవాని వివరములను ఇప్పింపవలెనన్న మూడు షరతులు కలవు. అన్యమార్గమున తీరని గాఢమైన అవసరమున్నదని రుజువు కావలెను. ఆ వివరములు ఎవరివో వారికి ముందుగా తెలియజేయవలెను. వారు వచ్చి ఆక్షేపించుటకు అవకాశ మీయవలెను. న్యాయస్థానమున లేని మూడవవానికి చోటు కల్పించిన నిబంధన యిది.

గూగులు న్యాయవాదులు ఈ చట్టమును చూపిరి. 2007లో ఒక నేరవిచారణ సందర్భమున, ఇంటర్నెట్టులో పుస్తకములు కొన్నవారి పేర్లను ఇప్పించుటకు విస్కాన్సిన్‌లోని న్యాయస్థానము నిరాకరించిన తీర్పునుకూడ చూపిరి. ఏ పుస్తకము కొంటివని ప్రభుత్వము అడుగునను భయము పుట్టినచో జనులు చదువుటయే మానుదురని ఆ తీర్పు సారము. న్యూయార్కు న్యాయమూర్తి ఈ రెంటిని తమ ఉత్తరువు అడుగున ఒక చిన్న జ్ఞాపికలో ప్రస్తావించి ముందునకు సాగిరి. దుకాణమున క్యాసెట్టు అద్దెకు తెచ్చుకొన్నవానికి కల రక్షణ, ఇంట కూర్చుండి తెరపై చూచినవానికి ఆనాడు దొరకలేదు.

రాజీయు, దాని యర్థమును

ఉత్తరువు వెలువడగనే పత్రికలలోను, పౌరహక్కుల సంఘములలోను గొప్ప అలజడి పుట్టెను. తాము ఎవరిని వెంటాడ దలచుకొనలేదని వాది పక్షమువారు ప్రకటింపవలసివచ్చెను. సుమారు రెండు వారములకు, జూలై 14వ తేదీన, ఉభయపక్షములును ఒక ఒడంబడిక చేసికొనిరి. దానిప్రకారము చిట్టాను ఇచ్చునపుడు ఖాతాపేర్లకును, ఐ.పి. చిరునామాలకును బదులుగా అర్థములేని సంకేతముల నుంచవలెను.

వ్యాజ్యము మఱి ఆరేండ్లు సాగెను. 2010 జూన్ 23న జిల్లా న్యాయస్థానము యూట్యూబు పక్షమున తీర్పిచ్చెను. 2012 ఏప్రిలు 5న అప్పీలు న్యాయస్థానము దానిని కొట్టివేసి, తిరిగి విచారింపుమనెను. 2013 ఏప్రిలు 18న జిల్లా న్యాయస్థానము మరల యూట్యూబు పక్షముననే తీర్పిచ్చెను. 2014 మార్చిలో ఉభయులును రాజీపడి వ్యాజ్యమును ముగించుకొనిరి.

ఈ చరిత్రనుండి రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది: పేర్లు తీసివేసిన పిమ్మటను వ్యాజ్యము ఏ లోపమును లేకుండ నడచినది. వాదికి కావలసిన లెక్క వాదికి దొరకినది. కావున జూలై మొదట 'అవసర'మని ఇప్పింపబడిన పేర్లు జూలై నడుమకు అనవసరములని వాదియే ఒప్పుకొన్నట్లైనది. రెండవది: వీక్షకుని రక్షించినది తీర్పు కాదు, ఇద్దఱు ప్రత్యర్థుల ఒడంబడిక. వారిరువురిలో ఏ యొక్కరు మొండిపట్టు పట్టినను ఆ రక్షణ యుండెడిది కాదు. తనదైన హక్కు తనకు తెలియకుండ ఇతరుల దయవలన నిలిచినచో దానిని హక్కనుట ఎట్లు?

హక్కుదారుల పక్షము

ఇట రచయితల, నిర్మాతల పక్షమునుకూడ న్యాయముగా చెప్పవలెను. మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, తదుపరి 60 ఏండ్లును ఆతని రచనపై హక్కు కలదు. చలనచిత్రమునకు ప్రదర్శితమైన నాటినుండి 60 ఏండ్లు. ఇది భిక్ష కాదు, కష్టార్జితము. విడుదలైన మఱునాడే దొంగప్రతి తెరకెక్కినచో నష్టపోవునది నిర్మాత యొక్కడే కాడు. పంపిణీదారు, హాలు యజమాని, వారి నాశ్రయించిన పనివారు అందఱును నష్టపోవుదురు. గోప్యత యను పేరు చెప్పి దొంగ తప్పించుకొనరాదు.

అయినచో దొంగ యెవడు? ఎక్కించినవాడు వేఱు, చూచినవాడు వేఱు. అమెరికా చట్టములో ఈ భేదము కొంతవఱకు కలదు. ఫిర్యాదుపై తొలగింపబడిన వీడియో తనదేయని ఎక్కించినవాడు ఎదురు వాదింపదలచినచో తన పేరు, చిరునామా, టెలిఫోను సంఖ్య వ్రాసి సంతకము చేసి పంపవలెను. వ్యవహారమున కెక్కువాడు మొగము చూపవలెననుట ధర్మమే. కాని చూచినవాడు ఏ వాదమును చేయలేదు.

హక్కుల రక్షణకు జనులను లెక్కించుట యొక్కటియే మార్గము కాదనుటకు యూట్యూబు అనుభవమే సాక్ష్యము. దావా పడిన 2007లోనే ఆ సంస్థ వీడియోలను పోల్చి గుర్తించు పద్ధతిని ప్రారంభించెను. హక్కుదారు తన చిత్రపు ప్రతిని ఇచ్చును. యంత్రము దాని ఆనవాళ్ళను వ్రాసికొని, క్రొత్తగా ఎక్కించు ప్రతి వీడియోను దానితో పోల్చును. పోలిక కుదిరినచో హక్కుదారు దానిని ఆపవచ్చును. లేదా ఉండనిచ్చి దానిపై వచ్చు ప్రకటనల రాబడిని తాను పొందవచ్చును. లేదా ఎన్నిసార్లు చూడబడినదో లెక్క మాత్రము తెలిసికొనవచ్చును. ఈ పద్ధతిలో పొరపాట్లు లేకపోలేదు. న్యాయమైన యుపయోగమునుకూడ యంత్రము దొంగతన మనుకొనుట కలదు. కాని యిది గుర్తు పట్టునది కృతిని గాని, చూచినవానిని కాదు.

ఐరోపా న్యాయస్థానములును ఈ హద్దును వెదకినవి. 2020 జూలై 9న ఐరోపా న్యాయస్థానము ఒక జర్మను వ్యాజ్యమున తీర్పిచ్చెను. కాన్‌స్టాంటిన్ అను చిత్రసంస్థ, తమ చిత్రములను యూట్యూబున దొంగతనముగా ఎక్కించినవారి ఈ-మెయిలు, టెలిఫోను సంఖ్య, ఐ.పి. చిరునామాలను ఇప్పింపుమని కోరెను. చట్టములో 'పేరు, చిరునామా' యని మాత్రమే యున్నదనియు, చిరునామా యనగా తపాలా చిరునామాయే యనియు, తక్కినవి ఆ మాటలో చేరవనియు న్యాయస్థానము నిర్ణయించెను. ఎక్కించినవాని విషయముననే ఇంత సూక్ష్మవిచారణ జరిగినపుడు, చూచినవాని విషయమున మఱెంత జాగ్రత్త వలయునో ఊహింపవచ్చును.

మన దేశమున

మన దేశపు అనుభవమున మొదట చెప్పదగినది 2012 నాటి మద్రాసు హైకోర్టు ఉత్తరువు. '3' అను తమిళ చిత్రమునకును, 'దమ్ము' అను తెలుగు చిత్రమునకును దొంగప్రతులు రాకుండ, పేరు తెలియని ప్రతివాదులపై ముందుగానే నిషేధము పొందబడినది. దానిని చూపగా ఇంటర్నెట్టు సంస్థలు ఆ యేడు మే నెలలో డైలీమోషన్, విమియో వంటి వీడియో వేదికలనే మొత్తముగా మూసివేసినవి. తాము తీసిన వీడియోలను అందు దాచుకొన్న నిర్దోషులుకూడ ఆ తలుపు బయట నిలిచిరి. జూన్ నెలలో హైకోర్టు తన ఉత్తరువునకు వివరణ యిచ్చి, దొంగప్రతి యున్న ఆ ప్రత్యేకపు పుటకే నిషేధము చెందునుగాని వేదిక మొత్తమునకు కాదనెను. ఆ నెలలోనే అమలునకు వచ్చిన కాపీరైటు చట్టసవరణవలన, వ్రాతపూర్వకమైన ఫిర్యాదు అందినచో ఆ వస్తువును 21 దినములు ఆపియుంచవలెననియు, అంతలో న్యాయస్థానపు ఉత్తరువు రానిచో తిరిగి ఉంచవచ్చుననియు ఏర్పాటు కలిగినది. మన చట్టమును మొత్తముమీద వస్తువు వెంటనే నడచుచున్నది.

ఇక వ్యక్తి గోప్యతనుగూర్చిన మన న్యాయచరిత్రలో తెలుగువారు గర్వింపదగిన ఘట్టమొకటి కలదు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నాతనిపై పోలీసులు నిఘా యుంచి, రాత్రివేళ తలుపుతట్టి చూచుచుండిరి. ఆతని వ్యాజ్యము 1962 డిసెంబరులో సుప్రీము కోర్టున తీర్పునకు వచ్చెను. రాత్రివేళ ఇంటికి పోవుటను మాత్రము కొట్టివేసి, గోప్యత మన రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని నలుగురు న్యాయమూర్తులు నిర్ణయించిరి. న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు న్యాయమూర్తి షా గారితో గూడి భిన్నాభిప్రాయము వ్రాసిరి. గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యములో విడదీయరాని భాగమనియు, కనిపెట్టి చూచు కన్నుల నడుమ తిరుగువాడు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు కాదనియు, ఆతనికి దేశమంతయు చెఱసాల యగుననియు ఆయన భావము. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, హైకోర్టు న్యాయమూర్తియై, 1954లో గుంటూరున ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, తుదకు భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన ఆ మహనీయుని మాట ఆనాడు అల్పసంఖ్యాకుల మాటగా మిగిలెను.

రెండవ ఘట్టము హైదరాబాదుది. స్టాంపు సుంకము ఎగవేయబడినదేమో చూచుటకు ఏ కార్యాలయముననైనను ప్రవేశించి పత్రములు తనిఖీ చేయించు అధికారమును 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణచట్టము కలెక్టరున కిచ్చెను. బ్యాంకులోనున్న ఖాతాదారుల పత్రములను ఇట్లు చూడవచ్చునా యను వివాదము పుట్టి, కెనరా బ్యాంకు వ్యాజ్యముగా ప్రసిద్ధి కెక్కినది. ఆ నిబంధన చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చెను. 2004 నవంబరులో సుప్రీము కోర్టు దానిని స్థిరపఱచెను. మన పత్రములను నమ్మి ఒకరిచేతి కిచ్చినంత మాత్రమున వానిపై గోప్యత నశింపదనియు, గోప్యత వ్యక్తికి చెందినదిగాని స్థలమునకు చెందినది కాదనియు అందలి సారాంశము. మన ప్రాచీన ధర్మశాస్త్రములలో నిక్షేపమునుగూర్చిన వివాదము పదునెనిమిది వ్యవహారపదములలో నొకటి. నమ్మి దాచుకొన్న సొమ్ము దాచినవానిదే గాని దాచుకొన్న యింటివానిది కాదనునదే దాని మూలసూత్రము. వీక్షణల చిట్టాను ఈ దృష్టితో చూచినచో, అది యూట్యూబు సొత్తును కాదు, వయాకామ్ సొత్తును కాదు. అది వీక్షకుని నిక్షేపము.

మూడవ ఘట్టము అందఱెఱిగినదే. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో వేసిన వ్యాజ్యముపై, 2017 ఆగష్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా ప్రకటించెను. ఏబదియైదేండ్ల క్రిందట సుబ్బారావుగారు వ్రాసిన భిన్నాభిప్రాయమే సరియైనదని ఆ ధర్మాసనము అంగీకరించెను. గోప్యతలో జోక్యము చేసికొనవలెనన్న చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, ఆ ప్రయోజనమునకు మించని కొలతలో జోక్యము ఉండవలెను అని నియమ మేర్పడెను.

'అవసరము' అను మాట

2023లో పార్లమెంటు డిజిటలు వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టమును చేసెను. వ్యక్తుల సమాచారమును సేకరించువారికి అందు పెక్కు కట్టుబాట్లు కలవు. కాని ఆ చట్టపు 17వ సెక్షనులో ఒక మినహాయింపు కలదు. ఏదేని చట్టబద్ధమైన హక్కును అమలుపఱచుకొనుటకు 'అవసర'మైనచో ఆ కట్టుబాట్లలో పెక్కింటికి సడలింపు దొరకును. కాపీరైటు చట్టబద్ధమైన హక్కే. కావున రేపు మన న్యాయస్థానములలో వీక్షకుల చిట్టాను కోరువారు మొట్టమొదట పోవు ద్వార మిదియే. ఆ ద్వారమునకు గడియ 'అవసరము' అను ఒక్క మాట.

ఆ మాటకు అర్థము చెప్పునపుడు న్యూయార్కు వ్యాజ్యము మనకు ఉపకరింపవలెను. ఎన్నిసార్లు చూచిరో తెలియవలసినచోట ఎవరు చూచిరో అడుగుట అవసరము కాదు. పేర్లు లేకుండ తీరు పనికి పేర్లు అవసరము కావు. ఎక్కించినవానితో తగవు ఉన్నప్పుడు చూచినవానిని పిలుచుట అవసరము కాదు. అన్ని మార్గములును మూసికొనిపోయి పేర్లు తప్పనిసరియైనచో, 1988 నాటి అమెరికా చట్టము చెప్పినట్లు, ఆ పేరుగలవానికి ముందుగా తెలియజేసి, వాని మాట వినవలెను. ఈ కొలత పెట్టినచో హక్కుదారునకు ఒక్క పైస నష్టము లేదు. పెట్టనిచో వీక్షకునకు కలుగు నష్టము ఏ డిక్రీవలనను తిరిగి రాదు. బయటపడిన రహస్యమును మరల లోపల పెట్టు న్యాయస్థానము లేదు.

రాష్ట్రేతర తెలుగువారమైన మనకు ఈ విషయము దూరపు మాట కాదు. హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు చోట్ల తరతరములుగా నివసించుచున్న కుటుంబములలో, బడిలో తెలుగు దొరకని పిల్లలకు తెలుగు వినిపించుచున్నది నేడు ఎక్కువగా ఈ వీడియోలే. హరికథ, బుఱ్ఱకథ, పాత చిత్రగీతము, పద్యనాటకము వెదకి చూచుకొనుచున్నాము. అందు కొన్ని హక్కుదారు అనుమతితో నున్నవో లేవో చూచు అవ్వకు తెలియదు. తెలియు మార్గమును లేదు. ఆమె చూచిన వరుసను చదివినవానికి ఆమె భాష తెలియును, మతము తెలియును, కులాచారము తెలియును, మోకాళ్ళనొప్పి తెలియును, నిద్రపట్టని రాత్రులు తెలియును. ఒక యూరిలో అల్పసంఖ్యాకులుగా నున్నవారి విషయమున ఆ వరుస ఇంకను సులభముగా మనిషిని పట్టియిచ్చును.

కావున మన సంఘములవారు రెండు పనులు చేయవచ్చును. తమ యుత్సవముల వీడియోలను ఎక్కించునపుడు పరుల పాటలను, చిత్రములను అనుమతితోనే వాడుట మొదటిది. పరుల హక్కును మన్నించినవానికే తన హక్కును అడుగు నోరుండును. తమ ఖాతాలలోని వీక్షణల చరిత్రను అప్పుడప్పుడు తొలగించుకొనుటయు, వీలైనచోట దానిని నిలిపివేయుటయు పెద్దలకును పిల్లలకును నేర్పుట రెండవది. వ్రాయబడని చిట్టాను ఏ న్యాయస్థానమును ఇప్పింపజాలదు. తక్కిన భారము చట్టము చేయువారిది, తీర్పు చెప్పువారిది. టిక్కెట్ల లెక్క చూపి వాటాలు పంచుకొన్న ఆ పాత సినిమాహాలు పద్ధతిలో నిర్మాతయు బ్రదికెను, ప్రేక్షకుడును తలయెత్తుకొని ఇంటికి పోయెను. ఆ పొందిక నేటి తెరపైనను సాధ్యమే యని న్యూయార్కు వ్యాజ్యములోని రెండు వారముల చరిత్ర మనకు తెలుపుచున్నది.